సగటు మాటున బావి

ఉద్దేశం: ఒక ప్రాంతపు ప్రజల ఆరోగ్యాన్నీ, పంటనూ పీడించే సమస్యను ఏ ఒక్క శాస్త్రమూ ఒంటరిగా పరిష్కరించలేదు. సాంఖ్యక శాస్త్రం, అనువర్తిత గణితం, వైద్యం, రసాయన శాస్త్రం, భూగర్భ శాస్త్రం పరస్పరం సహకరించుకొన్నప్పుడే నిజం వెలుగులోకి వస్తుంది. నల్లగొండ ప్రాంతపు నీటి చరిత్రను ఆధారంగా చేసుకొని ఆ సహకారపు స్వరూపాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

కాలువ – చెలక

హైదరాబాదు నుండి విజయవాడకు పోయే జాతీయ రహదారి మీద సూర్యాపేట, కోదాడ పట్టణాలు ఉన్నాయి. వాటికి నైరుతి దిక్కున, కృష్ణానదికి చేరువలో మిర్యాలగూడ ఉంది. 2016 అక్టోబరు 11 వరకు ఈ మూడు పట్టణాలూ నల్లగొండ జిల్లాలోనివే. ఆనాడు జరిగిన పునర్వ్యవస్థీకరణతో సూర్యాపేట, కోదాడలు కొత్తగా ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో చేరాయి. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉండిపోయింది. జిల్లాలు వేరైనా ఈ ప్రాంతపు నేల ఒక్కటే, నీటి కథ ఒక్కటే.

1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీటిని విడుదల చేశారు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ కాలువ అని పేరు. ఆ కాలువ నీటితో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల మెట్ట పొలాలు మాగాణులయ్యాయి. మిర్యాలగూడ రైసుమిల్లులకు ప్రసిద్ధి కెక్కింది. అయితే కాలువ అందిన ఊరు వేరు, అందని ఊరు వేరు. కాలువ ఎక్కలేని ఎత్తయిన చెలకల్లో, బండరాళ్ల నడుమ నివసించే ప్రజలకు చాలాకాలం బావి, చేతిపంపు, గొట్టపుబావులే దిక్కయ్యాయి. ఆ నీరు తేటగానే ఉంటుంది, రుచిగానే ఉంటుంది. కాని కంటికి కనిపించని ఫ్లోరైడ్ అందులో కరిగి ఉండవచ్చు.

నల్లగొండ పేరు ప్రపంచ వైద్య గ్రంథాలలో రెండు విధాలుగా నిలిచింది. ఒకటి ఒక వ్యాధికి చిరునామాగా, రెండవది ఆ వ్యాధికి కారణమైన నీటిని శుద్ధిచేసే పద్ధతికి పేరుగా.

వ్యాధిని గుర్తించిన కన్ను

ఫ్లోరైడ్ మితంగా ఉంటే పంటికి మేలు చేస్తుంది. మితిమీరితే పళ్లమీద సుద్దమచ్చలు, గోధుమరంగు చారలు ఏర్పడతాయి. ప్రజలు వీటినే గారపళ్లు అంటారు. ఏళ్ల తరబడి అదే నీరు తాగితే కీళ్లు బిగుసుకుపోతాయి, వెన్నెముక వంగిపోతుంది, నడివయసులోనే మనిషి కర్ర లేనిదే నడవలేని స్థితికి చేరుకొంటాడు. ఒకసారి వంగిన ఎముకను మందులతో తిరిగి నిటారుగా చేయడం సాధ్యం కాదు. కనుక ఫ్లోరోసిస్‌కు నివారణ ఒక్కటే మార్గం.

భారతదేశంలో ఈ వ్యాధిని గురించిన తొలి శాస్త్రీయ నివేదిక 1937లో వెలువడింది. అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో పశువులూ, మనుషులూ నడవలేకపోవడాన్ని వైద్యులు అందులో వివరించారు. 1945 నాటికి హైదరాబాదు సంస్థానంలోని రోగులను గురించి వైద్య పత్రికలు ప్రస్తావించాయి. 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రచురించాడు.

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మరొక వింత లక్షణాన్ని లోకం దృష్టికి తెచ్చారు. ఫ్లోరైడ్ పీడిత గ్రామాల్లో కొందరు యువకుల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తాకుతున్నాయి. పాత రోగులలో ఎముక గట్టిపడితే, వీరిలో ఎముక బలహీనపడుతోంది. ఆ పరిశోధకులు నీటితో ఆగక ఆహారాన్నీ, నేలనూ పరిశీలించారు. జలాశయం వచ్చాక భూగర్భ జలమట్టం పెరిగి నేల స్వభావం మారి ఉండవచ్చు. అందువల్ల జొన్నగింజలో మాలిబ్డినం ఎక్కువై, అది శరీరంలోని రాగిని తగ్గించి ఉండవచ్చు. ఇది వారు ముందుకు తెచ్చిన ఊహ. ఎముకను చూసిన వైద్యుడు నేలనూ, గింజనూ పరిశీలించే శాస్త్రజ్ఞుడి సాయం కోరవలసి రావడం ఇక్కడ గమనించదగిన విషయం.

మచ్చలను లెక్కగా మార్చిన వైనం

ఈ వ్యాధికి నీటిలోని ఫ్లోరైడే కారణమని తేలడం వెనుక కూడా ఉమ్మడి కృషి ఉంది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో 1901లో దంతవైద్యం ప్రారంభించిన ఫ్రెడరిక్ మెకే స్థానికుల పళ్లమీది మచ్చలను చూసి, నీరే కారణమని అనుమానించాడు. ఆనాటి సాధారణ పరీక్షల్లో నీటిలో ఏ దోషమూ బయటపడలేదు. 1931లో అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు చర్చిల్ సూక్ష్మ పరీక్షలు జరిపి, దోషి ఫ్లోరైడ్ అని కనుగొన్నాడు. వైద్యుడి అనుమానానికి రసాయన శాస్త్రం రుజువు చూపింది.

ఎంత ఫ్లోరైడ్ ఉంటే ఎంత హాని అన్న ప్రశ్న మిగిలింది. దానికి జవాబు చెప్పవలసింది లెక్క. ట్రెండ్లీ డీన్ అనే దంతవైద్యుడు నాలుగు రాష్ట్రాలలోని 21 నగరాలకు చెందిన 7,257 మంది పిల్లల పళ్లను పరిశీలించి, 1942లో ఫలితాలు ప్రకటించాడు. పళ్లమీది మచ్చలను అతడు ఆరు తరగతులుగా విభజించి, ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క విలువ ఇచ్చాడు. సాధారణమైన పళ్లకు 0, సందేహాస్పదమైన వాటికి 0.5, అతి స్వల్పానికి 1, స్వల్పానికి 2, మధ్యస్థానికి 3, తీవ్రానికి 4. అందరి విలువలనూ కూడి పిల్లల సంఖ్యతో భాగిస్తే ఆ సమాజపు ఫ్లోరోసిస్ సూచిక వస్తుంది. అది 0.6 దాటితే ప్రజారోగ్య సమస్యగా పరిగణించాలని డీన్ భావించాడు.

ఉదాహరణకు ఒక బడిలో 50 మంది పిల్లలు ఉన్నారనుకోవాలి. వారిలో 20 మంది పళ్లు సాధారణం, 10 మందివి సందేహాస్పదం, 8 మందివి అతి స్వల్పం, 6 గురివి స్వల్పం, 4 గురివి మధ్యస్థం, ఇద్దరివి తీవ్రం. విలువల మొత్తం 0 + 5 + 8 + 12 + 12 + 8 = 45. దీనిని 50తో భాగిస్తే సూచిక 0.9. ఆ ఊరి నీటిని వెంటనే పరీక్షించాలని ఈ చిన్న లెక్క హెచ్చరిస్తుంది. వైద్యుడి కన్ను లేనిదే మచ్చను తరగతిగా గుర్తించలేం. లెక్క లేనిదే యాభై మంది మచ్చలను ఒక ఊరి కథగా చెప్పలేం.

అయితే ఒక దేశంలో తేలిన హద్దును మరొక దేశానికి యథాతథంగా వర్తింపజేయరాదు. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ వాంఛనీయ పరిమితి. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. చల్లని గదిలో కూర్చొని రోజుకు 2 లీటర్లు తాగే వ్యక్తికి 1.5 పరిమితిగల నీటి ద్వారా 3 మిల్లీగ్రాములు చేరుతుంది. మండుటెండలో నాట్లు వేస్తూ 5 లీటర్లు తాగే కూలీకి అదే నీటి ద్వారా 7.5 మిల్లీగ్రాములు చేరుతుంది. బావిలోని మోతాదు ఒక్కటే, ఒంటికి చేరే మోతాదు వేరు. ఈ భేదాన్ని గ్రహించడానికి వాతావరణాన్నీ, శ్రమనూ, ఆహారాన్నీ తెలిసినవారి సాయం గణితానికి అవసరం.

సగటు చేసే మోసం

ఒక ఊరిలో నాలుగు బావులు ఉన్నాయనుకోవాలి. వాటిలో లీటరుకు వరుసగా 0.4, 0.6, 0.8, 4.2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంది. మొత్తం 6.0, సగటు 1.5. కాగితం మీద ఆ ఊరు అనుమతించిన పరిమితిలోనే ఉంది. సగటుకు బదులు మధ్యగతాన్ని లెక్కిస్తే 0.7 వస్తుంది. అప్పుడు ఊరు మరింత క్షేమంగా కనిపిస్తుంది. కాని నాలుగవ బావి నీరు తాగే పిల్లవాడికి ఈ రెండు అంకెలలో ఏదీ రక్షణ కల్పించదు.

ఏ బావి నీటిని ఎన్ని కుటుంబాలు తాగుతున్నాయన్న ప్రశ్న వేస్తే చిత్రం మారుతుంది. ఊరిలోని 100 కుటుంబాలలో మొదటి బావిని 20, రెండవదాన్ని 10, మూడవదాన్ని 10, నాలుగవదాన్ని 60 కుటుంబాలు వాడుతున్నాయనుకోవాలి. కుటుంబాల సంఖ్యను బట్టి భారిత సగటును లెక్కిస్తే అది 2.74 అవుతుంది. బావులు మారలేదు, నీరు మారలేదు. అడిగిన ప్రశ్న మారింది.

ఆ ప్రశ్నకు జవాబు ప్రయోగశాలలో దొరకదు. ఏ వాడ వారు ఏ బావికి పోతారో, వేసవిలో ఏ బావి ఎండిపోతే ఎక్కడికి నడుస్తారో ఊరివారికే తెలుసు. నీళ్లు మోసే స్త్రీల అనుభవం కూడా శాస్త్రానికి అందవలసిన సమాచారమే. రోడ్డు పక్కన ఉన్న బావులను మాత్రమే పరీక్షించి వెళ్లిపోతే, ఊరి చివర ఉన్న వాడ లెక్కలోకి రాదు. అందుకే సాంఖ్యక శాస్త్రం యాదృచ్ఛిక ప్రతిచయనాన్ని కోరుతుంది. పరిశోధకుడి సౌకర్యాన్ని బట్టి కాక, ప్రతి బావికీ ఎంపికయ్యే అవకాశం ఉండేటట్లు మచ్చులను ఎన్నుకోవడమే దాని సారాంశం.

బండ కింది గణితం

ఒకే ఊరి బావుల మధ్య ఇంత తేడా ఎందుకన్న ప్రశ్నకు భూగర్భ శాస్త్రం జవాబు చెబుతుంది. ఈ ప్రాంతంలో గ్రానైటు శిలలు విస్తారంగా ఉన్నాయి. వాటిలోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ వంటి ఖనిజాలలో ఫ్లోరిన్ ఉంటుంది. వర్షపునీరు రాతి పగుళ్లలోకి ఇంకి, అక్కడ చాలాకాలం నిలిచి, ఆ ఖనిజాలనుండి ఫ్లోరైడ్‌ను కరిగించుకొంటుంది. నీటిలో కాల్షియం తగినంత ఉంటే ఫ్లోరైడ్ పెరుగుదలకు అడ్డు పడుతుంది. కాల్షియం తగ్గితే ఫ్లోరైడ్ పెరిగే అవకాశం ఎక్కువ. మిర్యాలగూడ, కోదాడలకు దక్షిణాన కృష్ణాతీరంలో సున్నపురాయి నిక్షేపాలు ఉన్నాయి. సిమెంటు కర్మాగారాలు అక్కడ వెలియడానికి ఆ రాయే కారణం. రాయి మారితే నీటి స్వభావమూ మారుతుంది.

2010లో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు, బ్రిటిష్ భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన శాస్త్రజ్ఞురాలితో కలిసి, నాటి నల్లగొండ జిల్లాలోని వాయిలపల్లి పరీవాహక ప్రాంతంపై జరిపిన అధ్యయనాన్ని ప్రచురించారు. అక్కడి భూగర్భజలంలో లీటరుకు 7.6 మిల్లీగ్రాముల వరకు ఫ్లోరైడ్ కనిపించింది. శిలలోని ఖనిజాలు, నీరు ఇంకే చోటు, అది ప్రవహించే దారి, ఆవిరయ్యే తీరు కలిసి ఆ మోతాదును నిర్ణయిస్తున్నాయని ఆ అధ్యయనం వివరించింది.

నేల కింద నీరు కదిలే తీరును అనువర్తిత గణితం వివరిస్తుంది. 1856లో ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ ఇసుకగుండా నీరు ప్రవహించే వేగాన్ని గురించి ఒక సూత్రం ప్రతిపాదించాడు. ఆ సూత్రం ఆధారంగా ఏర్పడిన అవకలన సమీకరణాలే నేటికీ భూగర్భజల అధ్యయనాలకు పునాది. ప్రతి ఎకరానికీ ఒక బావి తవ్వి పరీక్షించడం అసాధ్యం. పరీక్షించిన బావుల విలువలనుండి పరీక్షించని చోటి విలువను అంచనా వేయాలి. దక్షిణాఫ్రికా బంగారు గనులలో ఖనిజాన్ని అంచనా వేయడానికి డానీ క్రీగె 1951లో ఒక మార్గం చూపాడు. 1960లలో ఫ్రెంచి గణితవేత్త జార్జి మాథెరాన్ దానిని సిద్ధాంతంగా మలిచి క్రీగింగ్ అని పేరు పెట్టాడు. ఈ పద్ధతి అంచనాతో పాటు ఆ అంచనాలో ఎంత సందేహం ఉందో కూడా చెబుతుంది. సూర్యాపేట, కోదాడల నడుమ ఎక్కడ కొత్తగా మచ్చులు తీయాలో నిర్ణయించడానికి ఆ సందేహపు కొలతే దారిచూపుతుంది. బంగారం వెదకిన గణితం ఈ విధంగా మంచినీటిని వెదకడానికి పనికివచ్చింది.

నివారణ మార్గం

1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు రూపొందించిన పద్ధతి నల్లగొండ పద్ధతిగా పేరుపొందింది. ఫ్లోరైడ్ నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి చిలికినట్లు తిప్పుతారు. తెల్లని మడ్డి ఏర్పడి ఫ్లోరైడ్‌ను తనతో అడుగుకు తీసుకుపోతుంది. పైనున్న నీటిని వడగట్టి వాడుకొంటారు. విద్యుత్తు లేని చోట ఒక బిందెతోనైనా చేయగల పద్ధతి కావడంతో కెన్యా, టాంజానియా, ఇథియోపియా వంటి దేశాలకు కూడా ఇది చేరింది.

ఇందులోనూ లెక్క తప్పరాదు. నీటిలోని ఫ్లోరైడ్‌నూ, క్షారతనూ బట్టి పటిక మోతాదు మారుతుంది. తక్కువైతే ఫ్లోరైడ్ పోదు, ఎక్కువైతే నీటిలో అల్యూమినియం మిగిలిపోతుంది. రోజూ కొలిచి కలపడం, మడ్డిని దూరంగా పారవేయడం భారమైనప్పుడు పద్ధతి మంచిదైనా ఇంట్లో నిలవదు. కనుక నదీజలాన్ని శుద్ధిచేసి గొట్టాలద్వారా ఇంటింటికీ చేర్చడం శాశ్వతమైన మార్గంగా గుర్తింపు పొందింది. 2016 ఆగస్టు 7న ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం ఆ మార్గంలోనిదే. ఊరి ఎత్తు, గొట్టం వ్యాసం, నీటి ఒత్తిడి, జనాభా పెరుగుదల – వీటన్నింటినీ సమన్వయించే గణితం లేకుండా చివరి ఇంటి కుళాయికి నీరు చేరదు.

వరిమడిలో యాదృచ్ఛికత

కాలువ కింది వరికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. పంట దిగుబడిని కంటితో చూసి చెప్పడం పూర్వపు పద్ధతి. 1920లలో బీహారు, ఒరిస్సాలలో జాన్ హబ్బాక్ యాదృచ్ఛికంగా ఎంచిన మళ్లలో పంట కోయించి దిగుబడిని అంచనా వేశాడు. తరువాత మహలనోబిస్, సుఖాత్మే, పాన్సే వంటి సాంఖ్యక శాస్త్రజ్ఞులు పంటకోత ప్రయోగాలను దేశవ్యాప్తం చేశారు. వరికి సాధారణంగా 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పుగల చదరాన్ని యాదృచ్ఛిక సంఖ్యల సాయంతో గుర్తించి, అందులోని పంటను కోసి, నూర్చి తూకం వేస్తారు. కాలువ తలాపున ఉన్న మడికీ, నీరు ఆలస్యంగా చేరే ఆయకట్టు చివరి మడికీ సగటు ఒక్కటే అయితే చివరి రైతు నష్టం కనబడదు. మంచినీటి బావి విషయంలో తేలిన సత్యమే ఇక్కడా తేలుతుంది.

ఉమ్మడి పరిశోధనకు తెలుగు వెలుగు

ఒక సంఖ్యను కాక అనేక సంఖ్యలను ఒకేసారి పరిశీలించే మార్గాన్ని సుసంపన్నం చేసిన తెలుగు శాస్త్రజ్ఞుడు కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920 సెప్టెంబరు 10న జన్మించిన సి.ఆర్. రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తాలోని భారతీయ సాంఖ్యక సంస్థలో చేరారు. 1941లో సంయుక్త రాష్ట్రాలలో సేకరించిన మానవ దేహ కొలతలపై మహలనోబిస్, మానవ శాస్త్రవేత్త మజుందార్‌లతో కలిసి పనిచేశారు. 1946లో కేంబ్రిడ్జి వెళ్లి, సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వకాలలో దొరికిన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించారు. ఎముకలు పురావస్తు శాస్త్రానివి, ప్రశ్న మానవ శాస్త్రానిది, విశ్లేషణ సాంఖ్యక శాస్త్రానిది. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి పొందిన రావు, అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. ఫ్లోరైడ్, కాల్షియం, క్షారత, ఆహారం, వయస్సు వంటి అంశాలను కలిపి చూడవలసిన నల్లగొండ సమస్య వంటి వాటికి అటువంటి బహుచలరాశి పద్ధతులే శరణ్యం.

సహకారానికి ఒక క్రమం ఉంది. 1938లో కలకత్తాలో జరిగిన సాంఖ్యక సదస్సులో రోనాల్డ్ ఫిషర్ ఒక హెచ్చరిక చేశాడు. ప్రయోగం ముగిశాక సాంఖ్యక శాస్త్రజ్ఞుడిని పిలవడం శవపరీక్షకు పిలవడం వంటిదని దాని భావం. ఎన్ని బావులు, ఏ ఋతువులో, ఏ లోతులో పరీక్షించాలో ముందే కలిసి ఆలోచించాలి. రెండు విషయాలు కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణమని తీర్మానించరాదు. జొన్న తినే కుటుంబంలో మోకాలి వ్యాధి కనిపించినప్పుడు, ఆ కుటుంబం పేదరికాన్నీ, ఎండలో చేసే శ్రమనూ, తాగే నీటినీ విడిగా తూచిన తరువాతనే జొన్నను గురించి మాట్లాడాలి. సహసంబంధాన్ని గణితం చూపుతుంది. కారణాన్ని వెదకడానికి వైద్యుడు, రసాయన శాస్త్రజ్ఞుడు, నేలను ఎరిగిన రైతు తోడు కావాలి.

ఒక ఊరి నీరు మంచిదని ఒకే అంకెతో ఎవరైనా చెప్పినప్పుడు మూడు ప్రశ్నలు అడగడం చదువుకొన్నవారి బాధ్యత. ఎన్ని బావులు పరీక్షించారు? ఒక్కొక్కదాని నీరు ఎందరు తాగుతున్నారు? పరీక్షకు అందని వాడ ఏది? సూర్యాపేట చెలకల్లోనైనా, కోదాడ కాలువ కిందనైనా, మిర్యాలగూడ ఆయకట్టు చివరనైనా ఈ ప్రశ్నలు అడిగే విద్యార్థి శాస్త్రజ్ఞుల ఉమ్మడి కృషిలో భాగస్వామి అవుతాడు. లెక్కలో చేరని బావి నీటినే తాగి పెరిగే పిల్లలు ఉన్నంతకాలం ఆ లెక్క పూర్తయినట్లు కాదు.

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఫ్లోరోసిస్ వ్యాధి కారణాన్ని, తీవ్రతను నిర్ణయించడంలో వివిధ శాస్త్రాలు సహకరించుకొన్న తీరును వివరించండి.
2. సగటు నిజాన్ని ఏ విధంగా మరుగుపరుస్తుందో పాఠంలోని బావుల ఉదాహరణతో నిరూపించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నల్లగొండ పద్ధతిని వివరించండి.
2. ఒకే ఊరి బావులలో ఫ్లోరైడ్ మోతాదు వేరువేరుగా ఉండడానికి కారణాలేవి?
3. సి.ఆర్. రావు పరిశోధనలలో ఇతర శాస్త్రాల పాత్రను తెలపండి.

III. మీ వీధిలోని పది కుటుంబాలు తాగే నీటి వనరులను తెలుసుకొని పట్టికగా రాయండి. ఆ పట్టికలో చేరని కుటుంబాలు ఏవో, ఎందుకు చేరలేదో చర్చించండి.